ఫ్రెంచ్ ప్లుస్-క-పార్ఫే: మామూలు క్రియకి రూపాలు ఎలా కట్టాలి?

నాగావళి22 (రాయగడ)
డెల్ఫ్ బీ1 (ఫ్రెంచ్ భాషా పరీక్ష) కి చదువుతున్నాను. పాసే కొంపోజే (మామూలు భూతకాలం) వరకు ఇబ్బంది లేదు, ప్లుస్-క-పార్ఫే (గతంలో ఇంకో పనికన్నా ముందే అయిపోయిన పనికి వాడే కాలం) దగ్గరే బుర్ర తిరుగుతోంది. "మేం స్టేషన్‌కి వచ్చీసరికి హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ వెళ్ళిపోయింది" అంటాం. తెలుగులో ఈ "వెళ్ళిపోయింది" మామూలు భూతకాలమే కదా, ఫ్రెంచ్‌కి వేరే కాలం ఎందుకు కావాలి? పార్లే (మాట్లాడు), ఫినీర్ (ముగించు), వాఁద్ర్ (అమ్ము) లాంటి క్రియలకి ఆరు రూపాలూ ఎలా వస్తాయి? "జవె పార్లే" అని పలికితే సరే అన్నారు, అదే రాస్తే తప్పు కొట్టారు. ఎందుకో అర్థం కాలేదు.

పర్లాకిమిడి_మాస్టారు
తెలుగులో ఆ పని "సరికి", "అప్పటికే" చేసిపెడతాయి, క్రియ మారక్కర్లేదు. ఫ్రెంచ్‌లో క్రియే చెప్పాలి. మీది రాయగడ కాబట్టి ఒడియాలో ఆలోచించండి. "గాడి చాలిజాఇథిలా" (బండి అప్పటికే వెళ్ళిపోయింది) అంటాం కదా, అందులో "థిలా" చేసే పనే ఇక్కడ అవ్వార్ (కలిగి ఉండు) లేదా ఎత్ర్ (ఉండు) అనే సహాయక క్రియ చేస్తుంది.

కట్టడం సులువే: సహాయక క్రియ ఎంపార్ఫేలో (గతంలో సాగుతూ ఉన్న పనికి వాడే కాలం), దాని వెనక అసలు క్రియ పార్తిసీప్ పాసే (పని అయిపోయిందని చెప్పే రూపం). అవ్వార్‌కి ఎంపార్ఫే కావాలంటే వర్తమానంలో నూ (మేము) రూపం "అవోఁ" తీసుకుని చివరి ఓ-ఎన్-ఎస్ తీసేయండి. ఏ-వి మిగులుతుంది. దానికి ఏ-ఐ-ఎస్, ఏ-ఐ-ఎస్, ఏ-ఐ-టి, ఐ-ఓ-ఎన్-ఎస్, ఐ-ఇ-జెడ్, ఏ-ఐ-ఇ-ఎన్-టి తగిలించాలి. పలికేటప్పుడు:

జవె పార్లే
త్యు అవె పార్లే
ఇల్ అవె పార్లే
నూజవ్యోఁ పార్లే
వూజవ్యే పార్లే
ఇల్‌జవె పార్లే

నాలుగు చోట్ల చెవికి ఒకటే "అవె", స్పెల్లింగ్ మాత్రం మూడు రకాలు. నూ, వూ (మీరు) రూపాల్లో ఆ "య" ఒత్తు జాగ్రత్త. ఐ అక్షరం మర్చిపోతే "నూజవోఁ పార్లే" అవుతుంది, అది పాసే కొంపోజే. ఒక్క అక్షరంతో కాలమే మారిపోతుంది.

పార్తిసీప్‌కి ఇ-ఆర్ క్రియలైతే ఇ-ఆర్ పోయి నెత్తిన గీత ఉన్న ఇ వస్తుంది, ఐ-ఆర్ వాటికి ఐ (ఫినీ), ఆర్-ఇ వాటికి యు (వాఁద్యు). మీకు తప్పు పడింది ఇక్కడే అయ్యుంటుంది. పార్లే అని చివర ఇ-ఆర్‌తో రాసినా, గీత ఇ-తో రాసినా ఉచ్చారణ ఒకటే. అనుమానం వస్తే ఆ చోట వాఁద్ర్ పెట్టి చూడండి. "జవె వాఁద్ర్" చెవికే ఎబ్బెట్టుగా ఉంటుంది, "జవె వాఁద్యు" సరిపోతుంది. అంటే అక్కడ గీత ఇ రాయాలి. ఫ్రాన్స్‌లో బడిపిల్లలకీ ఈ కిటుకే చెప్తారు.

పా (లేదు అనడానికి), దేజా (అప్పటికే) లాంటివి రెండు క్రియల మధ్యే కూర్చుంటాయి: జ నవె పా పార్లే, ఇల్ అవె దేజా ఫినీ.

ప్రాణహిత_గట్టు (సిరోంచ)
మాస్టారు చెప్పింది కరెక్టే గానీ ఒడియా, మరాఠీ పోలిక సగం దాకే పనికొస్తది. అసలు బోల్తా పడేది ఆడనే. మా దిక్కు మరాఠీల "మీ కాల్ బాజారాత్ గేలో హోతో" అంటరు, మీ దిక్కు ఒడియాల "ముఁ కాలి బజార్ జాఇథిలి" అంటరు, రెండూ "నేను నిన్న బజారుకు పోయిన" అనే. రెండింట్లోనూ వెనకాముందు ఇంకో సంగతి లేదు, ఊరికే నిన్నటి ముచ్చట. దీన్ని ఫ్రెంచ్‌లోకి ప్లుస్-క-పార్ఫేతో దించొద్దు. ఇయ్యెర్, జ స్వీ అలే ఓ మార్షే, అంతే, పాసే కొంపోజే. గతంలో ఇంకో పని గాని, ఇంకో గడియ గాని ఉండి, దానికన్న ముందే ఇది అయిపోతేనే ప్లుస్-క-పార్ఫే.

ఇంకోటి. మీ రైలు వాక్యానికి అవ్వార్ రాదు, పార్తీర్‌కు ఎత్ర్ కావాలె: కాఁ నూ సొమ్ అరివే అ లా గార్, ల త్రాఁ ఎతె దేజా పార్తీ. అలే (పోవు), వ్నీర్ (వచ్చు), అరివే (చేరు), పార్తీర్ (బయలెల్లు), రెస్తే (ఉండిపోవు), తోంబే (పడు) అసొంటివి, "స" (తనకు తాను) తోటి వచ్చే క్రియలన్నీ ఎత్ర్ దిక్కే. ఎత్ర్‌కు నూ రూపం "సొమ్" గదా, దాన్నుంచి ఎంపార్ఫే రాదు. గీత ఇ-టి అని మొదలువెట్టి అవే తోకలు తగిలించాలె. మోంతే (ఎక్కు), దెసాఁద్ర్ (దిగు), సోర్తీర్ (బయటికి పోవు)లకు వెనక కర్మగా ఒక వస్తువు ఉంటే మళ్ల అవ్వారే: జవె దెసాఁద్యు లా వలీజ్, అంటే పెట్టె కిందికి దించిన అని.

నాగావళి22
ఇలా కట్టాను, చూడండి. "అక్క వచ్చీసరికి నేను పని ముగించాను": కాఁ మా సర్ ఎ అరివే, జవె ఫినీ ల త్రవాయ్. "అమ్మ అప్పటికే సంతకి వెళ్ళింది": మామాఁ ఎతె దేజా అలే ఓ మార్షే. ఈ రెండిట్లోనూ అరివే, అలే చివర గీత ఇ మాత్రమే రాశాను. "బాగా చదివి ఉంటే పాసయ్యేవాణ్ణి"కి: సి జొరె బ్యాఁ ఎత్యుద్యే, జొరె రెయుసీ.

పర్లాకిమిడి_మాస్టారు
మొదటి రెండూ వినడానికి బావున్నాయి, రాతలోనే లోపం. ఎత్ర్‌తో వచ్చేటప్పుడు పార్తిసీప్ కర్తని బట్టి మారుతుంది. అక్క, అమ్మ కాబట్టి గీత ఇ తర్వాత ఇంకో ఇ పెట్టాలి. పలకదు, కానీ రాయకపోతే మార్కు పోతుంది. ఆడవాళ్ళు ఇద్దరైతే దాని వెనక ఎస్ కూడా.

మూడోది తప్పు. "ఉంటే" అని షరతు చెప్పే సి పక్కన "జొరె" రాకూడదు: సి జవె బ్యాఁ ఎత్యుద్యే, జొరె రెయుసీ. మీ తెలుగు వాక్యంలోనే ఉంది చూడండి, "చదివి ఉంటే"లో ఆ "ఉండు" వచ్చిన చోటే ప్లుస్-క-పార్ఫే, "పాసయ్యేవాణ్ణి" దగ్గర కొందిస్యొనెల్ పాసే (జరిగి ఉండేది గానీ జరగలేదని చెప్పే రూపం).

ప్రాణహిత_గట్టు
అవ్వార్ తోటి గూడ ఒక తిరకాసు ఉంది, పరీక్షల అదే అడుగుతరు. మరాఠీల "మీ పోళీ ఖాల్లీ హోతీ" (నేను రొట్టె తిన్న) అంటే పోళీని బట్టి క్రియ మారుతది గదా, ఫ్రెంచ్‌ల అట్ల మారాలంటే ఆ వస్తువు క్రియకు ముందు రావాలె. జవె పోస్తే లా లెత్ర్ (ఉత్తరం పోస్టు చేసిన) అంటే మారదు. లా లెత్ర్ క జవె పోస్తే (నేను పోస్టు చేసిన ఉత్తరం) అంటే పోస్తే చివర ఇంకో ఇ చేరుతది.