చికిత్స ముగిసిన ఎనిమిది నెలలకు చారిటీ రన్: ఒప్పుకోవడం తొందరపాటా?

ప్రశ్న: మళ్లీ మొదలు

నమస్కారం. నా వయసు 39. గత సంవత్సరం నాకు హాడ్జ్‌కిన్ లింఫోమా అనే ఒక రకం క్యాన్సర్ అని తేలింది. ఏబీవీడీ అనే నాలుగు మందుల కీమోథెరపీ ఆరు విడతలు, ఆ తరువాత మెడకు, ఛాతీ పైభాగానికి రేడియేషన్ తీసుకున్నాను. ఇవన్నీ పూర్తయి ఎనిమిది నెలలయింది. చివరి పెట్ స్కాన్‌లో వ్యాధి జాడ కనిపించలేదని, ఇక మూడు నెలలకొకసారి వచ్చి చూపించుకుంటే చాలని డాక్టరు గారు చెప్పినప్పుడు ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం ఆ రోజు నుంచే ఏదో వెలితి మొదలయింది. చికిత్స జరిగినంతకాలం ప్రతి రోజుకూ ఒక పని ఉండేది: ఈ రోజు రక్తపరీక్ష, రేపు మందు ఎక్కించడం, ఎల్లుండి వాంతులు. ఇప్పుడు ఏ పనీ లేదు, ఒళ్లు మాత్రం నాది కానట్లే ఉంది.

నాలుగు నెలల క్రితం నడక మొదలుపెట్టాను. ఇప్పుడు ఆగకుండా 40 నిమిషాలు నడుస్తున్నాను, మధ్యమధ్యలో రెండేసి నిమిషాలు మెల్లగా పరిగెడుతున్నాను. కొన్ని రోజులు హాయిగా ఉంటుంది. కొన్ని రోజులు ముందు రోజు ఏమీ చేయకపోయినా మంచం దిగలేకపోతున్నాను. అరికాళ్లలో తిమ్మిరి ఇంకా పూర్తిగా తగ్గలేదు.

అసలు విషయం ఇది. దూరం నుంచి వచ్చే రోగులకు, వారి వెంట వచ్చిన వారికి బస చూపే ఒక సేవాసంస్థ మా కుటుంబాన్ని ఆ రోజుల్లో ఎంతో ఆదుకుంది. ఆ సంస్థ ఐదు నెలల తరువాత 10 కిలోమీటర్ల చారిటీ రన్ నిర్వహిస్తోంది. పాల్గొనేవారు తమకు తెలిసినవారి నుంచి విరాళాలు సేకరించి ఇవ్వాలి. అడగగానే, లేడికి లేచిందే పరుగు అన్నట్లు, సరేనన్నాను. ఇప్పుడు భయం పట్టుకుంది. నా శరీరం దీనికి సిద్ధంగా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? నా జబ్బును చెప్పుకొని డబ్బు అడగడం సబబేనా అన్న సంకోచం అంతకంటే ఎక్కువగా ఉంది. అమ్మయితే ఈ మాట ఎత్తితేనే లేచి వెళ్లిపోతోంది. ఈ దారిలో నడిచినవారు ఎవరైనా ఉంటే చెప్పగలరు.

సమాధానం: ఆఖరి వరుస

మీ వెలితి నాకు తెలుసు. రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగిసిన పద్నాలుగు నెలలకు నేను ఇలాంటి పరుగులోనే పాల్గొన్నాను. అందులో ఒక పెద్ద తప్పు చేశాను కాబట్టి ముందు దాని గురించే చెబుతాను.

నేను తెలిసినవారందరినీ కిలోమీటరుకు ఇంత చొప్పున ఇవ్వమని అడిగాను. అలా అడిగితే వారికీ ఉత్సాహంగా ఉంటుంది, నాకూ పట్టుదల వస్తుందనుకున్నాను. పరుగుకు రెండు రోజుల ముందు నాకు జ్వరం వచ్చి తగ్గింది. మామూలుగా అయితే ఇంట్లో పడుకునేదాన్ని. కానీ నేను ఆగిపోయిన ప్రతి కిలోమీటరుకూ ఎవరో ఒక రోగికి అందవలసిన సొమ్ము తగ్గిపోతుందన్న లెక్క నా బుర్రలో తిరుగుతూనే ఉంది. వెళ్లాను, ఆరో కిలోమీటరు దగ్గర కళ్లు తిరిగి కూర్చుండిపోయాను. ప్రాణాపాయమేమీ జరగలేదు గాని, ఆ తరువాత మూడు వారాలు మంచం మీదే గడిపాను. నాకు ఓపిక తెచ్చిపెట్టవలసిన పరుగు ఉన్న కాస్త ఓపికనూ పట్టుకుపోయింది.

మరుసటి ఏడాది మళ్లీ పేరిచ్చాను. ఈసారి అందరికీ ఒకే మాట రాశాను: "నేను ఎంత దూరం వెళ్లినా, అసలు వెళ్లలేకపోయినా, మీరు ఇవ్వదలచినది సంస్థకు ఇప్పుడే ఇచ్చేయండి." దీనివల్ల విరాళాలు తగ్గుతాయని భయపడ్డాను, తగ్గలేదు. నేను మాత్రం ఏ కిలోమీటరు దగ్గరైనా ఆగే స్వేచ్ఛతో బయలుదేరాను, మొత్తం నడిచీ పరిగెత్తీ పూర్తి చేశాను. మీకు నేను ఇచ్చే సలహా అంతా ఈ ఒక్క వాక్యంలోనే ఉంది. సొమ్మును మీ కాళ్లకు కట్టకండి.

చారిటీ పరుగుల ప్రస్తావన వస్తే టెర్రీ ఫాక్స్ పేరు రాకుండా ఉండదు. కెనడాకు చెందిన ఆ యువకుడికి ఎముక క్యాన్సర్ వల్ల 1977లో కుడికాలు మోకాలి పైవరకు తీసివేశారు. 1980 ఏప్రిల్ 12న కృత్రిమ కాలితో దేశానికి తూర్పు కొస నుంచి బయలుదేరి, 143 రోజులలో 5,373 కిలోమీటర్లు పరిగెత్తాడు. సెప్టెంబరు 1న థండర్ బే సమీపంలో ఆగిపోవలసి వచ్చింది, క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. 1981 జూన్‌లో 22 ఏళ్ల వయసులో మరణించాడు. ఆయన పట్టుదల గురించి అందరూ చెబుతారు, నేను మరో సంగతి గమనించాను. దేశంలో ఒక్కొక్కరి నుంచి ఒక్కో డాలరు రావాలని ఆయన కోరుకున్నాడు. పరుగు సగంలో ఆగిపోయినా విరాళాలు ఆగలేదు, 1981 ఫిబ్రవరి నాటికి మొత్తం 2 కోట్ల 40 లక్షల డాలర్లు దాటింది. అవతలి తీరం చేరలేదు కదా అని ఎవరూ చేయి వెనక్కు తీసుకోలేదు. ఆయన పేరిట నేటికీ జరిగే పరుగులో ప్రవేశ రుసుము లేదు, ఇంత తేవాలన్న నియమం లేదు, పోటీ లేదు.

ఇక డబ్బు అడగడంలోని సంకోచం. ఏడాది పాటు ప్రతి ఒక్కరి చేతి నుంచీ ఏదో ఒకటి పుచ్చుకుంటూ బతికాను: రక్తం, సెలవులు, సాయం, ఓదార్పు. పుచ్చుకోవడం కూడా ఒక అలసటే, అది ఏ స్కాన్‌లోనూ కనిపించదు. ఇతరుల కోసం అడిగినప్పుడు మొదటిసారి ఆ బరువు కొంత దిగింది. అంతకంటే మేలు చేసింది సాధన బృందం. అప్పటివరకు నన్ను అందరూ "ఎలా ఉన్నావు?" అని గొంతు తగ్గించి అడిగేవారు. వాళ్లు మాత్రం "ఆదివారం ఎన్నింటికి వస్తావు?" అని అడిగారు.

సమాధానం: పిక్కబలం

నేను ఫిజియోథెరపిస్టును, క్యాన్సర్ చికిత్స ముగిసినవారితో పని చేస్తుంటాను. మిమ్మల్ని చూడకుండా పరిగెత్తమనీ వద్దనీ చెప్పలేను. అయితే మీ డాక్టరు గారిని ఏమేమి అడగాలో మాత్రం స్పష్టంగా చెప్పగలను.

మీరు తీసుకున్న ఏబీవీడీలోని డాక్సోరూబిసిన్ గుండె కండరాన్ని బలహీనపరచవచ్చు, ఒక్కోసారి ఆ ప్రభావం చికిత్స ముగిసిన చాలాకాలానికి బయటపడుతుంది. ఛాతీకి రేడియేషన్ కూడా పడింది కాబట్టి ఎకో పరీక్ష ఇటీవల జరగకపోతే ఇప్పుడు చేయించుకోవడం అవసరం. అదే చికిత్సలోని బ్లియోమైసిన్ ఊపిరితిత్తులను దెబ్బతీయగలదు. మెట్లెక్కితే ఆయాసం వచ్చినా, పొడిదగ్గు వదలకపోయినా అది కేవలం ఓపిక లేకపోవడమే అనుకోకండి, ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్ష గురించి అడగండి. అరికాళ్ల తిమ్మిరికి విన్‌బ్లాస్టిన్ కారణం కావచ్చు. కాలు ఎక్కడ పడుతోందో సరిగా తెలియనివారు ఎగుడుదిగుడు దారులు, చీకటి వేళలు మానుకోవాలి. పరుగు అయ్యాక పాదాలను కళ్లతో చూసుకోవాలి, ఎందుకంటే బొబ్బ లేచినా నొప్పి తెలియకపోవచ్చు.

ఏమీ చేయకపోయినా మంచం దిగలేని రోజులున్నాయన్నారు. క్యాన్సర్ తరువాతి నీరసం మామూలు అలసట కాదు, నిద్రపోతే తీరేది అంతకంటే కాదు. అయినా అంతా దాని ఖాతాలో వేసేయకూడదు. మెడకు రేడియేషన్ తీసుకున్నవారిలో థైరాయిడ్ గ్రంథి మందగించడం తరచుగా చూస్తాం. ఒక రక్తపరీక్షతో తెలుస్తుంది, మాత్రతో సర్దుకుంటుంది. హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. ఇవి తేల్చుకోకుండా పట్టుదలతో నీరసాన్ని జయించాలని చూడడం, నూనె లేని దీపానికి వత్తి ఎగదోయడమే.

అన్నీ సవ్యంగా ఉంటే వ్యాయామం మీకు మేలే చేస్తుంది. 2019లో ప్రచురితమైన అంతర్జాతీయ నిపుణుల మార్గదర్శకాల ప్రకారం, వారానికి మూడుసార్లు 30 నిమిషాల చొప్పున ఓ మాదిరి తీవ్రతతో చేసే వ్యాయామం నీరసాన్ని, ఆందోళనను తగ్గిస్తుంది, దానికి వారంలో రెండు రోజులు కండరాల బలం పెంచే వ్యాయామం తోడైతే మంచిది. 2025లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, పెద్దపేగు క్యాన్సర్‌కు కీమోథెరపీ పూర్తిచేసిన 889 మందిని రెండు వర్గాలుగా చేసి చూశారు. శిక్షకుల తోడ్పాటుతో మూడేళ్లు వ్యాయామం చేసిన వర్గంలో వ్యాధి తిరగబెట్టడం, మరణాలు తగ్గాయి. అది మీ వ్యాధి కాదు కాబట్టి ఆ ఫలితాన్ని యథాతథంగా మీకు అన్వయించను. పైగా అందులో పరుగు తప్పనిసరి కాదు, చురుకైన నడక చాలు.

పద్ధతి విషయానికి వస్తే, మీరు ఇప్పుడు చేస్తున్న రెండు నిమిషాల పరుగు, ఆపైన నడక అన్నదాన్ని మార్చవలసిన పని లేదు. 1972 ఒలింపిక్స్‌లో పరిగెత్తిన జెఫ్ గాలోవే ఈ పరుగు-నడక పద్ధతిని ఎందరికో నేర్పాడు, ఇది చేతకాక చేసే పని కాదు. వేగాన్ని చేతి గడియారంతో కాకుండా నోటితో కొలుచుకోండి. పక్కనున్నవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే సరైన వేగం, మాట ముక్కలవుతుంటే తగ్గించాలి. జ్వరం, ఛాతీలో నొప్పి లేదా బిగుతు, గుండెదడ, కళ్లు తిరగడం ఉన్న రోజున సాధన చేయకండి, పరుగు మధ్యలో వస్తే అక్కడే ఆగి వెంటనే వైద్యసహాయం తీసుకోండి.

సమాధానం: నిలకడ

అందరూ ప్రోత్సహిస్తున్నారు కాబట్టి నేను కాస్త ఎదురు చెబుతాను, అన్యథా భావించవద్దు. పరిగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్లు తాగడం మేలని పెద్దలు ఊరికే అనలేదు. ఆ సంస్థకు సాయం చేయాలనుకుంటే ఇంట్లో కూర్చుని కూడా చేయవచ్చు. మా అన్నయ్య ఇదే తరహా జబ్బుతో పోయాడు. అంతకు ముందు సంవత్సరం ఇలాంటి పరుగు ఒకదాని ప్రకటనలో "క్యాన్సర్‌ను ఓడించిన వీరులు" అని రాసి ఉంటే చదివి, "అయితే నేను సరిగా పోరాడలేదన్నమాట" అన్నాడు. ఆ మాట నేను మరచిపోలేను. మీరు విరాళం కోసం ఏమి రాసినా, పరిగెత్తలేనివారు కూడా చదువుతారని గుర్తుంచుకుంటే చాలు.

సమాధానం: ఆఖరి వరుస

నిలకడ గారూ, మీ మాటతో ఏకీభవిస్తున్నాను. గెలుపు, ఓటమి అన్న మాటలు నేనూ రాయను. అయితే ఇంట్లో కూర్చుని ఇవ్వడం, నలుగురితో కలిసి కదలడం ఒకటి కావని మాత్రం అనుభవంతో చెప్పగలను. న్యూయార్క్ మారథాన్‌ను నడిపించిన ఫ్రెడ్ లెబోకు 1990లో మెదడు క్యాన్సర్ అని తెలిసింది. 1992లో ఆయన అదే మారథాన్‌లో పాల్గొని 42 కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని ఐదున్నర గంటలకు మించిన సమయంలో పూర్తి చేశాడు. ఆ పరుగును తొమ్మిదిసార్లు గెలిచిన గ్రెటె వైట్జ్ తన వేగాన్నంతా పక్కనపెట్టి ఆసాంతం ఆయన పక్కనే నడిచింది, పరిగెత్తింది. రెండేళ్లకు ఆయన చనిపోయాడు. ఆ రోజు ఆయన దేన్నీ ఓడించలేదు, ఒంటరిగా మాత్రం లేడు. నాకు ఆ పరుగు అందుకే గుర్తుంది.

సమాధానం: ఖాతా పుస్తకం

నేను ఒక సేవాసంస్థలో విరాళాల లెక్కలు చూస్తాను. క్లుప్తంగా చెబుతాను. ప్రవేశ రుసుము, విరాళం వేరువేరు. రుసుములో సంస్థకు చేరేది ఎంతో ముందే అడగండి. కొన్ని పరుగులలో ప్రతి ఒక్కరూ కనీసం ఇంత సేకరించాలన్న షరతు ఉంటుంది, తక్కువ పడితే ఆ తేడా మీరే కట్టవలసి రావచ్చు. ఆరోగ్యం సహకరించక తప్పుకుంటే ఆ షరతు ఏమవుతుందో రాతపూర్వకంగా తెలుసుకోండి. విరాళం దాతల నుంచి నేరుగా సంస్థ ఖాతాకు వెళ్లాలి, మీ ఖాతాలోకి రానివ్వకండి. మీ కథ ఎంత చెప్పాలన్నది పూర్తిగా మీ ఇష్టం. జబ్బు పేరు చెప్పకుండా "ఈ సంస్థ మాకు కష్టకాలంలో బస ఇచ్చింది" అన్నంత మాత్రాన ఎవరూ తక్కువ ఇవ్వరు. ఒకసారి ఇంటర్నెట్‌లో పెట్టిన వివరాలను తిరిగి వెనక్కు తీసుకోవడం కష్టం, ఫొటోలైతే మరీను.

స్పందన: మళ్లీ మొదలు

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాలు ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, పరీక్షల ఫలితాలు వచ్చాకే రాయాలనుకున్నాను. ఎకో బాగుంది. ఊపిరితిత్తుల సామర్థ్యం కొంచెం తక్కువగా ఉందని, నెమ్మదిగా పెంచుకుంటూ పోతే పరవాలేదని, ఆరు నెలలకు మళ్లీ చూద్దామని డాక్టరు గారు అన్నారు. పిక్కబలం గారి అనుమానమే నిజమయింది: థైరాయిడ్ మందగించింది. మాత్ర మొదలుపెట్టాను. మంచం దిగలేని ఆ రోజులను ఇన్నాళ్లూ నా మనోబలహీనత అనుకుని నన్ను నేనే తిట్టుకున్నాను.

10 కిలోమీటర్లకు బదులు 5 కిలోమీటర్ల విభాగానికి మార్పించుకున్నాను. తప్పుకున్నా నేను ఏమీ కట్టనవసరం లేదని సంస్థవారు రాసిచ్చారు. దాతలకు పంపిన ఉత్తరంలో జబ్బు గురించి ఒకే వాక్యం ఉంది, గెలుపు అన్న మాట లేదు. చివర "నేను పూర్తి చేసినా చేయకపోయినా ఈ సొమ్ము బసకే వెళుతుంది" అని రాశాను. ఆ వాక్యం చదివిన తరువాతే అమ్మ మళ్లీ నాతో ఈ విషయం మాట్లాడింది. నన్ను ఆపలేనని తెలిసిందో, నేను ఆగగలనని నమ్మకం కుదిరిందో చెప్పలేను. తొలి సామూహిక సాధన వచ్చే ఆదివారం ఉదయం 6 గంటలకు. నడిచేవారి వరుసలో అమ్మ కూడా పేరు రాయించుకుంది, ఇప్పుడు ఆమె కాలికి సరిపడే బూట్ల కోసం వెతుకుతున్నాం.