72 గంటల తర్వాత కూడా ఒక్క మెటాఫేజ్ (విభజన మధ్యలో క్రోమోజోములు విడివిడిగా కనిపించే దశ) లేదు. లింఫోసైట్ (ఒక రకం తెల్ల రక్తకణం) కల్చర్‌లో తప్పెక్కడ?

విశాఖ టెక్నీషియన్: కేరియోటైపింగ్‌లో, అంటే క్రోమోజోములు చూసే పరీక్షలో, చేరి ఆరు నెలలైంది. ఈ రెండు వారాల్లో మూడు కల్చర్లు పోయాయి. 5 మి.లీ. ఆర్‌పీఎంఐ 1640 (కణాలు పెరిగే పోషక ద్రవం), సీరం, పీహెచ్‌ఏ, అర మి.లీ. రక్తం, 37 డిగ్రీల్లో 72 గంటలు. స్లైడ్ నిండా గుండ్రటి న్యూక్లియస్‌లే. మూడోది పదకొండు రోజుల పాపది, డౌన్ సిండ్రోమ్ అనుమానం. బాలింత అరకు వైపు నుంచి బస్సులో వచ్చింది. మళ్లీ రక్తం కావాలని ఆమెను ఏ మొహం పెట్టుకుని అడగను? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: కోల్సెమిడ్ పాతదేమో, మార్చి చూడండి.

జవాబు 2: కోల్సెమిడ్ ఆపేది విభజనలో ఉన్న కణాన్ని. అసలు విభజనే మొదలవకపోతే అదేం చేస్తుంది? 19 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నానమ్మా, నా అనుమానమంతా పీహెచ్‌ఏ మీదే. రక్తంలోని లింఫోసైట్ నిద్రపోతూ ఉంటుంది, దాన్ని లేపాలి. పీహెచ్‌ఏ అంటే రాజ్మా గింజల్లోని ప్రోటీన్. ఎర్రకణాలను ముద్ద కట్టించి తీసేయడానికి వాడేవాళ్లు. అదే లింఫోసైట్లను విభజనకు దింపుతోందని 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్ కనిపెట్టారు. మన పనంతా అక్కడి నుంచే. మీ వయల్ ఎప్పుడు కలిపారు? ఎన్నిసార్లు కరిగించి మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టారు? నేనైతే కలిపిన రోజే చిన్న ట్యూబుల్లోకి పంచేస్తాను, ఒకసారి కరిగింది వెనక్కి వెళ్లదు. ఇంకోటి, రక్తం ఏ రంగు మూత ట్యూబులో వచ్చింది? ఆకుపచ్చ మూత, అంటే హెపారిన్ కావాలి. ఊదా మూతలో ఈడీటీఏ ఉంటుంది. అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. కాల్షియం లేకపోతే లింఫోసైట్ పీహెచ్‌ఏకి సరిగా స్పందించదు.

విశాఖ టెక్నీషియన్: రిజిస్టర్ చూశాను మేడమ్. మొదటి రెండూ ఊదా మూతలే. పాపది ఆకుపచ్చ. కానీ పీహెచ్‌ఏ ఒకే వయల్, సంక్రాంతి నుంచి వారానికి రెండుసార్లు కరిగిస్తున్నాను.

జవాబు 2: దొరికిందిగా. పాప రక్తం ఏమైనా మిగిలిందా? 4 డిగ్రీల్లో ఉంచి ఉంటే ఇవాళే కొత్త వయల్‌తో పెట్టండి. రోజులు గడిచేకొద్దీ ఫలితం తగ్గుతుంది, అయినా వదలొద్దు. పక్కనే మీ రక్తంతో ఒక ట్యూబు పెట్టండి. అందులో మెటాఫేజ్‌లు వస్తే పీహెచ్‌ఏ మంచిదని తెలిసిపోతుంది. ఇకమీదట ప్రతి శాంపిల్‌కీ రెండు కల్చర్లు పెట్టి, రిపోర్ట్ వెళ్లేదాకా మిగిలిన రక్తం దాచండి. ఆ అమ్మాయిని అప్పుడే పిలవకండి.

విశాఖ టెక్నీషియన్: ఒక మి.లీ. పైనే ఉంది మేడమ్. పాపవి రెండు, నాది ఒకటి ఇప్పుడే ఇంక్యుబేటర్‌లో పెట్టాను. శుక్రవారం పొద్దున హార్వెస్ట్ (కణాలు బయటికి తీసి స్లైడ్ చేయడం).