కర్ణభేరి రంధ్రం చిన్నదే, వినికిడి మాత్రం ఎందుకింత తగ్గింది?

నా వయసు 41, ఉండేది విజయవాడ. 2016 కృష్ణా పుష్కరాల నాటి నుంచి నా కుడిచెవి ఏడాదికి మూడు నాలుగు సార్లు చీము కారేది. సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలు పదేసి రోజుల చొప్పున మూడు విడతలు వాడి, వాసెలిన్ రాసిన దూది పెట్టుకునే తలస్నానం చేస్తూ, నాలుగు నెలలుగా చెవిని పొడిగా ఉంచగలిగాను (వెచ్చని కొబ్బరినూనె పోయమన్నవారి మాట మాత్రం వినలేదు). చీము ఆగింది గాని వినికిడి తిరిగి రాలేదు. ఫోను కుడిచెవికి ఆనిస్తే అవతలి మాట గోడ వెనుక నుంచి వస్తున్నట్టే ఉంటుంది.

గత నెల తీయించిన ఆడియోగ్రామ్‌లో (వినికిడి పరీక్ష; అంకె పెరిగేకొద్దీ వినికిడి తగ్గినట్టు) కుడిచెవికి చెవి గుండా వెళ్లే గాలి మార్గంలో 50 డెసిబెల్స్, పుర్రె ఎముక ద్వారా నేరుగా లోపలి చెవికి చేరే ఎముక మార్గంలో 10 వచ్చాయి. రంధ్రం భేరి మధ్యభాగంలో కింది వైపున, పావు వంతు కూడా లేదు. ఇంత చిన్న రంధ్రానికి 40 డెసిబెల్స్ తేడా ఎక్కువేననీ, ఏళ్ల తరబడి చీము వల్ల భేరి నుంచి లోపలి చెవికి ధ్వనిని చేరవేసే మూడు చిన్న ఎముకల గొలుసులో మధ్యదైన దాగలి (ఇంకస్) అరిగిపోయి ఆ గొలుసు తెగి ఉండవచ్చనీ డాక్టరు గారు అన్నారు. విచిత్రమేమిటంటే, చీము కారే రోజుల్లోనే నాకు కాస్త మెరుగ్గా వినిపించేది. లోపలి చెవికి ఉండే ‘గుండ్రని కిటికీ’ అనే పలుచని పొరకు ధ్వని నేరుగా తగలకుండా ఆ ద్రవం అడ్డుపడటమే కారణమట.

టింపనోప్లాస్టీకి (కర్ణభేరి రంధ్రాన్ని పొరతో మూసి, అవసరమైతే ఎముకల గొలుసునూ సరిచేసే ఆపరేషన్) నేను ఇంకా ఒప్పుకోలేదు. ఇలా చిన్న రంధ్రం, పెద్ద తేడా ఉండి ఆపరేషన్ చేయించుకున్నవారికి, పొర అతికించడంతోనే వినికిడి వచ్చిందా, లేక ఎముకల గొలుసునూ సరిచేయవలసి వచ్చిందా?