సినానిమ్స్ (ఒకే అర్థం ఉన్న మాటలు), ఆంటనిమ్స్ (వ్యతిరేక పదాలు) గుర్తుండేలా ఎలా చదవాలి?

అన్నలూ, అక్కలూ, హనుమకొండలో రూమ్ తీసుకుని కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్ఎస్‌సీ సీజీఎల్‌కి ప్రిపేర్ అవుతున్నాను, పదో తరగతి దాకా తెలుగు మీడియమే. గ్రామర్‌తో పెద్ద ఇబ్బంది లేదు, వొకాబులరీతోనే టెన్షన్. టయర్ 2లో, అంటే రెండో దశ పరీక్షలో, ఇంగ్లీషే 45 ప్రశ్నలు, 135 మార్కులు, ఒక్కో తప్పుకు ఒక మార్కు కోత, కాబట్టి గుడ్డిగా పెట్టి రాలేం. లిస్టులు బట్టీ పడితే ఫ్రూగల్, థ్రిఫ్టీ, స్టింజీ మూడూ ఒకటే అనిపిస్తాయి, కానీ మొదటి రెండూ పొదుపరిని మెచ్చుకునేవి, స్టింజీ అంటే పిసినారి అని తిట్టడమే. ప్యాసేజీలో పెట్టి అడిగితే సరిగ్గా అక్కడే దొరికిపోతున్నాను. ఆంటనిమ్స్‌ది ఇంకో తలనొప్పి, ఆప్షన్లలో సినానిమ్ కూడా ఒకటి కూర్చోబెడతారు, తొందరలో మౌస్ దాని మీదికే పోతుంది.

ఇప్పుడైతే ఇంగ్లీష్ పేపర్ ఎడిటోరియల్ చదువుతూ, తెలియని మాటను ముందు వాక్యాన్ని బట్టి ఊహించి, తర్వాతే డిక్షనరీ చూస్తున్నాను. మధ్యలో బట్, ఆల్దో లాంటివి ఉంటే అర్థం తిరగబడుతుందని పట్టుకోగలుగుతున్నాను కూడా. కానీ వారం తిరిగేసరికి సగం గుర్తుండట్లేదు.

తెలుగు మీడియం నుంచి వచ్చి మంచి స్కోర్ తెచ్చుకున్నవాళ్లు రివిజన్ ఎలా చేశారు? ప్రతి మాటకూ సొంత వాక్యం రాసుకోవడం పనిచేస్తుందా, టైం దండగా? కోచింగ్‌లో చేరమని మాత్రం చెప్పకండి, ఉన్న పైసలు రూమ్ కిరాయికే సరిపోతున్నాయి.