అమ్మకి కండ తగ్గుతోందో లేదో ఫోన్ చెప్పగలదా?

పర్లాకిమిడి అబ్బాయి:
అమ్మకి 71 ఏళ్లు. ఈ మధ్య బాగా చిక్కిపోయింది, అడిగితే "వయసు కదరా" అని కొట్టిపారేస్తోంది. నడక వేగం, కుర్చీలోంచి లేచే తీరు చూసి కండబలం తగ్గుతోందో లేదో చెప్పే ఫోన్ యాప్‌లు వస్తున్నాయి కదా, నేను విశాఖలో ఉంటాను, రోజూ దగ్గరుండి చూడలేను కాబట్టి ఆవిడ ఫోన్‌లో ఒకటి వేసేద్దామనుకుంటున్నా. డాక్టర్‌కి చూపించకుండా యాప్ ఏంటని అక్క గొడవ. మీరేమంటారు?

గుణుపురం కోడలు:
మీ అక్కగారే రైటు. ఫోన్ ఒంటిమీద ఉంటేనే కదా అడుగులు లెక్కపెట్టేది? మా అత్తయ్యగారి ఫోన్ పొద్దస్తమానం దేవుడి గూట్లోనే ఉంటుంది. ఆవిడ పెరడూ, గుడీ, పక్కవీధిలో ఆడపడుచు ఇల్లూ తిరిగొచ్చినా ఫోన్ లెక్కలో మంచం దిగనట్టే! అది చూసి మీరు అక్కడ టెన్షన్ పడాలి.

బరంపురం ఫిజియో:
రోజంతా లెక్కపెట్టడం సంగతి వదిలేయండమ్మా. ఫోన్ నడుముకి కట్టి పరీక్ష చేస్తే లోపలి యాక్సిలరోమీటర్ కదలికని బాగానే పడుతుంది. నేను యాప్‌లకి వ్యతిరేకం కాదు. కానీ నడక ఎందుకు మందగించిందో దానికి తెలీదు. మోకాళ్ల అరుగుదలా, చూపు తగ్గడమా, పార్కిన్సన్సా, నిజంగా కండ కరగడమా అన్నది మనిషి చూసి తేల్చాలి. కండ ఎంతుందో కొలవాలంటే డెక్సా స్కానో (ఎక్స్‌రేతో కొలిచేది), బయోఇంపిడెన్స్ మిషనో (ఒంట్లోకి సన్నటి కరెంటు పంపి కొలిచేది) కావాలి.

తమ్ముడూ, మీకు ముందు కావాల్సింది స్టాప్‌వాచ్, దర్జీ టేపు. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో పెట్టిన హద్దులివి: చేతులు గుండెల మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, ఆపైన పట్టినా, 6 మీటర్లు మామూలుగా నడవడానికి 6 సెకన్లు దాటినా కండ తగ్గుతోందేమోనని అనుమానించాలి. పిక్క చుట్టుకొలత ఆడవాళ్లకి 33, మగవాళ్లకి 34 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే అదీ లెక్కే, కాకపోతే కాళ్లవాపు ఉంటే టేపు మోసం చేస్తుంది. మన ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛన్ కోసం పెద్దవాళ్లు పంచాయతీ ఆఫీసుకి వచ్చినప్పుడు అక్కడే ఒక కుర్చీ వేసి ఇది చేయించొచ్చు, ఏ యాప్ కంటే ముందు అది జరగాలని నా గట్టి కోరిక.

పర్లాకిమిడి అబ్బాయి:
తేడా వస్తే ఏం చేయాలి సార్? మందుందా?

బరంపురం ఫిజియో:
దీనికంటూ ఆమోదం పొందిన మందు లేదు. బరువుతో వ్యాయామం, తగినంత ప్రొటీన్, ఇవే. పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాముల దాకా ప్రొటీన్ అంటారు, కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టర్‌ని అడక్కుండా పెంచకండి. మీ అమ్మగారు చిక్కిపోయారన్నారు కాబట్టి షుగరు, థైరాయిడ్ ఎలాగూ చూపించాలి, అందులో మీ అక్కగారి మాటే వినండి. ఈసారి ఇంటికెళ్లినప్పుడు పరీక్ష చేయించి సెకన్లు ఇక్కడ రాయండి. జారే ప్లాస్టిక్ కుర్చీ వద్దు, చెక్క కుర్చీ గోడకి ఆనించి వేయండి, మీరు పక్కనే నిలబడండి.