విశాఖ ఎకనామిక్ రీజియన్ గురించి అడిగే హక్కు మన కార్పొరేటర్లకి ఉందా, లేదా?

గాజువాక_కిరణ్:
అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఒక డౌట్, మున్సిపల్ వ్యవహారాలు తెలిసినవాళ్ళు ఇక్కడ ఉన్నారు కదా అని అడుగుతున్నా. నీతి ఆయోగ్ గ్రోత్ హబ్ అని ముంబై, సూరత్, వారణాసితో పాటు మన విశాఖని కూడా తీసుకుంది కదా, శ్రీకాకుళం నుంచి గోదావరి జిల్లాల దాకా కలిపి విశాఖ ఎకనామిక్ రీజియన్ అంటున్నారు, 2032 కల్లా 120 బిలియన్ డాలర్ల ఎకానమీ అంటున్నారు. బాగానే ఉంది, నేనేం వ్యతిరేకిని కాదు, మా తమ్ముడు బెంగళూరు నుంచి వచ్చేసి ఇక్కడే ఏదైనా చూసుకుందామని ఆశగా ఉన్నాడు. కాకపోతే ఇదంతా సరిగ్గా జరుగుతోందా లేదా అని చూసేదెవరు? సీఎం గారు రివ్యూ చేస్తారు, కలెక్టర్లు చేస్తారు, సరే. మనం ఓట్లేసి గెలిపించిన 98 మంది కార్పొరేటర్లు ఏం చేస్తారు? మా వార్డాయన్ని ఒక పెళ్ళిలో కలిసి అడిగితే "బాబూ, అవన్నీ అమరావతి లెవెల్, మన దాకా రావు, కాలవ పూడిక తీయించాలంటే చెప్పు" అన్నాడు. నవ్వొచ్చింది గానీ తర్వాత ఆలోచిస్తే రోడ్లు మనవి, నీళ్ళు మనవి, డ్రైనేజీ మనది, ఇంటి పన్ను కట్టేది మనం. చట్టంలో నిజంగానే ఏమీ లేదా, ఉండి ఎవరూ వాడట్లేదా?

పాత_మున్సిపాలిటీ:
కిరణ్ గారూ, మీ కార్పొరేటర్ చెప్పింది సగం నిజం. నేను రిటైరయ్యి కొంతకాలమైంది, ఈ వ్యవహారం ఫైళ్ళల్లో చూసినవాణ్ణి కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా, ఓపిక పట్టండి.

కాగితం మీద చాలా ఉంది. 74వ రాజ్యాంగ సవరణ 1992లో వచ్చి 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది, దానితో వచ్చిన 12వ షెడ్యూల్‌లో 18 అంశాలున్నాయి, అందులో మూడోదే ఆర్థిక, సామాజిక అభివృద్ధికి ప్రణాళిక. అంటే ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న పనే. కానీ ఆ 18లో ఏది ఎంతవరకు ఇవ్వాలనేది రాష్ట్రాల ఇష్టానికి వదిలేసారు. రాష్ట్రాలు చెత్త, వీధి దీపాలు, శ్మశానాలు లాంటివి సంతోషంగా ఇచ్చేసి, భూమి, ప్లానింగ్ మాత్రం తమ దగ్గరే పెట్టుకున్నాయి, ఏ పార్టీ వచ్చినా ఇదే కథ.

10 లక్షల జనాభా దాటిన మెట్రోపాలిటన్ ఏరియాకి మెట్రోపాలిటన్ ప్లానింగ్ కమిటీ ఉండాలని రాజ్యాంగం 243జెడ్‌ఈలో ఉంది, సభ్యుల్లో మూడింట రెండొంతులకి తక్కువ కాకుండా కార్పొరేటర్లు, కౌన్సిలర్లు, పంచాయతీల అధ్యక్షులు తమలోంచి ఎన్నుకున్నవాళ్ళు ఉండాలి. 2011 లెక్కల్లోనే మన ఊరు 17 లక్షలు దాటింది. అయినా మాస్టర్ ప్లాన్ అంటే జనానికి గుర్తొచ్చేది వీఎంఆర్‌డీఏ (విశాఖ మెట్రోపాలిటన్ రీజియన్ డెవలప్‌మెంట్ అథారిటీ), అంటే 1978 నాటి వుడానే, 2018లో పేరు, సైజు మారాయి. దానికి చైర్మన్‌ని ప్రభుత్వం వేస్తుంది, కమిషనర్ ఐఏఎస్. పెద్ద కంపెనీలకి భూములంటారా, అవి ఇన్వెస్ట్‌మెంట్ ప్రమోషన్ బోర్డుకెళ్ళి అక్కణ్ణించి కేబినెట్‌కి వెళ్తాయి. 2025 ఏప్రిల్‌లో టీసీఎస్‌కి రుషికొండ ఐటీ హిల్ మీద 21.16 ఎకరాలు 99 పైసలకి ఇవ్వాలన్నది కేబినెట్ నిర్ణయమే. మంచిదా చెడ్డదా అని నేనట్లేదు, కౌన్సిల్ టేబుల్ మీదకి వచ్చే అవసరం లేకుండానే అయిపోయే వ్యవహారం అని చెప్తున్నా.

ఇంకోటి, మనవాళ్ళు మర్చిపోయేది. 2012లో పాత కౌన్సిల్ టర్మ్ అయిపోయాక మళ్ళీ ఎలక్షన్ 2021 మార్చిలో. మధ్యలో తొమ్మిదేళ్ళు ప్రత్యేకాధికారులే. హుద్‌హుద్ తుఫాను, రాష్ట్ర విభజన, స్మార్ట్ సిటీ, అన్నీ ఆ తొమ్మిదేళ్ళలోనే జరిగిపోయాయి. అడిగే అలవాటు ఇంక ఎక్కణ్ణించి వస్తుంది?

స్మార్ట్ సిటీ చూస్తే మొత్తం అర్థమవుతుంది. 2016 జనవరిలో మొదటి 20 నగరాల లిస్టులో మనమూ, కాకినాడా ఉన్నాం. ప్రతి ఊళ్ళో ఒక కంపెనీ పెట్టమన్నారు, వాటాలు రాష్ట్రానికి సగం, కార్పొరేషన్‌కి సగం, కేంద్రం ఊరికి 500 కోట్ల దాకా ఇస్తామంది. గైడ్‌లైన్స్‌లో ఏం రాసారో తెలుసా, ప్రాజెక్టుకి సంబంధించి కౌన్సిల్ హక్కులు, బాధ్యతలు ఆ కంపెనీకి బదలాయించమని ప్రోత్సహించారు. కౌన్సిల్ సగం వాటాదారు, కానీ నోరు మాత్రం కంపెనీ సీఈఓది. అడ్వైజరీ ఫోరమ్ అని ఒకటి పెట్టి అందులో ఎంపీ, ఎమ్మెల్యే, మేయర్‌తో పాటు కాలనీ సంఘాల వాళ్ళకి కూడా కుర్చీ వేసారు, సలహా చెప్పటం వరకే. ఇప్పుడు రీజియన్ పేరుతో వచ్చేది కూడా అదే అచ్చులో పోస్తే మీ కార్పొరేటర్ మళ్ళీ కాలవ పూడిక గురించే మాట్లాడతాడు పాపం.

బీచ్‌రోడ్_బిజినెస్:
పెద్దాయన రాసినదాంట్లో తప్పేం లేదు గానీ నేను రెండోవైపు చెప్తా, కోపం తెచ్చుకోకండి. ఒక్క షెడ్డు ప్లాన్ అప్రూవల్‌కి నేను ఎంత తిరిగానో నాకు తెలుసు. ప్రతి పెట్టుబడీ 98 మంది ముందు పెట్టి అభిప్రాయం అడిగితే గూగుల్ కాదు కదా కిరాణా కొట్టు కూడా రాదు ఈ ఊరికి. కౌన్సిల్ మీటింగులు టీవీలో చూడట్లేదా, పోడియం ఎక్కటం, పేపర్లు చింపటం, వాకౌట్. 2025 ఏప్రిల్‌లో మేయర్ మీద అవిశ్వాసం అప్పుడు అటూ ఇటూ క్యాంపులు చూసాం. వీళ్ళా 120 బిలియన్లని పర్యవేక్షించేది? అన్ని పర్మిషన్లూ ఒకేచోట ఇచ్చే సింగిల్ విండో అని పెట్టిందే ఇలాంటివి తప్పించుకోడానికి.

పాత_మున్సిపాలిటీ:
బిజినెస్ గారూ, మీ షెడ్డు ఫైలు ఆపింది కౌన్సిల్ కాదండీ, ప్లాన్ అప్రూవల్ టౌన్ ప్లానింగ్ ఆఫీసర్ల పని, కార్పొరేటర్ సంతకం అందులో ఎక్కడా లేదు. పర్మిషన్ ఇవ్వటం వేరు, ఇచ్చాక ఏమైందని అడగటం వేరు. రెండోదాని గురించే ఈ అబ్బాయి అడుగుతున్నాడు.

స్వాన్సీ_నుంచి:
నేను వేల్స్‌లో స్వాన్సీలో ఉంటా, మాస్టర్స్‌కి వచ్చి ఇక్కడే సెటిలయ్యా. ఇక్కడ ఇలాంటి ప్రోగ్రామే ఒకటుంది కాబట్టి చెప్తున్నా, పోల్చుకోడానికి పనికొస్తుంది. స్వాన్సీ బే సిటీ డీల్ అంటారు, 2017 మార్చిలో సంతకాలయ్యాయి, మొత్తం దాదాపు 130 కోట్ల పౌండ్లు, అందులో లండన్‌లోని యూకే ప్రభుత్వం, కార్డిఫ్‌లోని వేల్స్ ప్రభుత్వం కలిసి ఇచ్చేది 24 కోట్ల 10 లక్షలు, మిగతాది ప్రైవేటు, వేరే పబ్లిక్ సంస్థల నుంచి రావాలి. స్వాన్సీ, నీత్ పోర్ట్ టాల్బట్, కార్మార్థెన్‌షైర్, పెంబ్రోక్‌షైర్ అని నాలుగు కౌన్సిళ్ళు. నలుగురు లీడర్లు కలిసి జాయింట్ కమిటీ, నిర్ణయాలు వాళ్ళవి. వాళ్ళని కూర్చోబెట్టి ప్రశ్నలడగటానికి విడిగా జాయింట్ స్క్రూటినీ కమిటీ ఉంది, ఒక్కో కౌన్సిల్ నుంచి ముగ్గురు, వీళ్ళలో తమ కౌన్సిల్ కేబినెట్‌లో పదవి ఉన్నవాళ్ళు ఉండకూడదు, అంటే నిర్ణయం తీసుకున్నవాడే తనిఖీకి రాకూడదని.

వీళ్ళు దేన్నీ ఆపలేరు అని గమనించండి. ఫలానా ప్రాజెక్టు ఎక్కడిదాకా వచ్చింది, ఉద్యోగాల లెక్క ఎలా కట్టారు, ప్రైవేటు డబ్బు వస్తుందన్నారు వచ్చిందా, ఇలాంటివి అడుగుతారు, ఆఫీసర్లు వచ్చి చెప్పాలి, అజెండా కాగితాలు ముందే వెబ్‌సైట్‌లో పెడతారు. మొదట్లో ఇక్కడా అంతా సాఫీగా ఏం నడవలేదు, రెండేళ్ళు లేటు, 2019లో వచ్చిన రెండు రివ్యూల్లో, ముందే రాసిపెట్టుకున్న లిస్టు మార్చకూడదన్నట్టు పట్టుకు కూర్చోవద్దని, మొత్తానికి బాధ్యుడిగా ఒక డైరెక్టర్‌ని పెట్టుకోమని చెప్పారు. జనం ఎగబడి చూస్తారని కూడా అనుకోకండి, మా పక్కింటి తెల్లాయనకి అసలు అలాంటి కమిటీ ఉన్నట్టే తెలీదు. కానీ కావాలంటే కాగితం దొరుకుతుంది, నాకు తేడా అక్కడే కనిపించింది.

పంచాయతీ_మనిషి:
సిటీవాళ్ళు కార్పొరేటర్లంటున్నారు గానీ ఈ రీజియన్‌లో ఫ్యాక్టరీలు వచ్చేది ఎక్కువ మా పల్లెల్లో. మాకు ఐలా అని ఒకటి తగులుతుంది, ఇండస్ట్రియల్ ఏరియా లోకల్ అథారిటీ. ఎస్టేట్ లోపల పంచాయతీ అధికారాలు దానికి ఇచ్చేస్తారు, ఆస్తి పన్ను అదే వసూలు చేసుకుంటుంది, అందులో 35 శాతం మాకు ఇవ్వాలి. లారీలు తిరిగి గుంతలు పడేది మాత్రం గేటు బయట మా రోడ్డు మీద, బోర్లు ఎండిపోయేదీ మావే. మేం పనిచేసిన ఒక పంచాయతీలో ఎంత వసూలైందో లెక్క అడిగితేనే ముఖం చిట్లించేవారు, లెక్క తెలీకపోతే 35 శాతం ఎంతని అడుగుతాం? సర్పంచ్ గారు సర్వసభ్య సమావేశంలో ప్రతిసారీ లేచి అడగటం, రాసుకున్నాం అనటం. ఎన్ని బిలియన్లయినా రానీయండి, ముందు ఈ లెక్క ఊరికొకటి గోడ మీద రాయిస్తే చాలు మాకు.

గాజువాక_కిరణ్:
చాలా థాంక్సండీ అందరికీ, నేను అనుకున్నదానికన్నా లోతుగా ఉంది ఇది. పెద్దాయన గారూ, ఉన్నంతలో కార్పొరేటర్ చేతిలో ఏముందో చెప్తే ఆయన్ని మళ్ళీ పట్టుకుంటా.

పాత_మున్సిపాలిటీ:
ఉన్నవి చిన్నవే. బడ్జెట్ కౌన్సిల్ ఆమోదించాలి, కాబట్టి రీజియన్ పేరుతో కార్పొరేషన్ ఖజానా నుంచి రోడ్డుకో పైపులైనుకో పైసా పెట్టాలన్నా అది ఏదో ఒక రూపంలో అక్కడికి రావాల్సిందే. వచ్చేటప్పుడు చూడాలి, టేబుల్ అజెండాగా చివరి నిమిషంలో పెట్టి చప్పట్లు కొట్టించేస్తారు, చదివే టైం ఉండదు. మీ కార్పొరేటర్ చేత ముందు ఆ టేబుల్ అజెండా పద్ధతి మీదే మాట్లాడించండి. రెండోది నీళ్ళు. ఊరికీ, స్టీల్ ప్లాంటుకీ పెద్ద దిక్కు ఏలేరు కాలవ నీళ్ళే, కొత్తగా వచ్చేవాళ్ళకి ఎంత ఇస్తామని ఒప్పుకున్నారు, ఎండాకాలం కొరత వస్తే ముందు ఎవరికి తగ్గిస్తారు అని రాతపూర్వకంగా ప్రశ్న వేయమనండి. నోటితో అడిగితే నోటితోనే పోతుంది. మీరు విడిగా సమాచార హక్కు కింద కార్పొరేషన్‌కీ, వీఎంఆర్‌డీఏకీ, ఐలాకీ మూడు దరఖాస్తులు వేయండి, ఒకే దరఖాస్తులో అన్నీ కలిపితే ఇది మా పరిధి కాదని తిప్పుతారు. కౌన్సిల్ టర్మ్ ఐదేళ్ళే, అదీ గుర్తుపెట్టుకోండి.

బీచ్‌రోడ్_బిజినెస్:
నీళ్ళ ప్రశ్న మాత్రం నాక్కూడా కావాలి. సమాధానం వస్తే ఇక్కడ పెట్టండి.

సిక్కోలు_చిన్నోడు:
మీకు అడగటానికైనా కార్పొరేటర్ ఉన్నాడు కదేటి. 2021లో మిగతా చోట్ల ఎలక్షన్లయిపోతే మా శ్రీకాకుళం కార్పొరేషన్‌కి అవలేదు, రాజమండ్రికీ అవలేదు, వార్డుల విలీనం, కోర్టు కేసులు అని ఆపేసారు, ముందునించీ ఉన్న ఆఫీసర్ల పాలనే కొనసాగింది. రెండూ ఇదే రీజియన్‌లో ఉన్నాయి మళ్ళీ. పాత మున్సిపాలిటీ గారూ, కౌన్సిలే లేని ఊళ్ళో ఆ రాతపూర్వక ప్రశ్న ఎవరి చేత వేయించాలండి?

పాత_మున్సిపాలిటీ:
ఎమ్మెల్యే చేత అసెంబ్లీలో వేయించాలి తమ్ముడూ. వేస్తాడో లేదో మీకే తెలియాలి.