గోరోజనం: తాయెత్తులోనూ అదే, తిట్టులోనూ అదే

తాడిపత్రి నుంచి ప్రశ్న:
చంటిపిల్లకు కట్టే తాయెత్తులో యంత్రం గోరోజనంతో రాసిందని మా అవ్వ గొప్పగా చెప్పేది. అదే అవ్వ, మా చిన్నాయన మాట వినకపోతే ‘వానికి గోరోజనం శానా ఎక్కువైంది’ అనేది. రెండూ ఒకటేనా?

కడప నుంచి జవాబు:
ఒకటేనండీ. సంస్కృతంలో గోరోచనం, మన నోట గోరోజనం. ఆవు, ఎద్దు పిత్తాశయంలో ఎప్పుడో అరుదుగా కట్టే రాయి అది. చచ్చిన పశువును కోస్తే గాని దొరకదు. పచ్చిగా ఉన్నప్పుడు మెత్తగా ఉంటుంది. ఆరితే తేలికై ఎర్రటి పసుపు ఉండ అవుతుంది. పగలగొడితే లోపల ఉల్లిపాయలా పొరలు. తడిచేసి గోటి మీద రుద్దితే పసుపు రంగు అంటుకొని ఒక పట్టాన వదలదు. అది పైత్యరసంలోని బిలిరుబిన్ రంగు.

ఇంతగా అంటుకునే రంగు కాబట్టే తంత్రంలో సిరా అయింది. కుంకుమపువ్వు, కస్తూరి, కర్పూరం లాంటివాటితో నూరి భూర్జపత్రం (భూర్జ చెట్టు బెరడు) మీద రక్షాయంత్రం రాసి, చుట్టి, తాయెత్తు గొట్టంలో పెట్టి మూస్తారు. వశీకరణానికి నుదుట తిలకంగానూ చెప్పారు. తంత్రంలోనే కాదు, కాళిదాసు శాకుంతలం నాలుగో అంకంలో శకుంతలను అత్తవారింటికి పంపేటప్పుడు అనసూయ సిద్ధం చేసే మంగళద్రవ్యాల్లో తీర్థమృత్తిక (పుణ్యతీర్థాల మట్టి), గరిక చిగుళ్లతో పాటు గోరోచనం ఉంది. పూజగదిలో అంత మడిగా దాచుకునేది కబేళా నుంచి కూడా వస్తుందని ఎవరూ పైకి అనరు, అది వేరే సంగతి.

ఇక తిట్టు. పొగరుకు మనం వాడే మాటలు చాలావరకు ఒంట్లోంచి పుట్టినవే: కొవ్వు, బలుపు, మదం, తిమ్మిరి. లోపల ఏదో ముదిరితే మనిషి ఎగిరెగిరి పడతాడని లెక్క. ‘పైత్యం ముదిరింది’ అనడం లేదూ? ఆ పైత్యమే గడ్డకట్టింది గోరోజనం. అందుకే ఆ వరసలో కూచుంది అని నా ఊహ.

ఆదోని నుంచి:
నాకట్ల అనిపించలేదన్నా. దొరకని సరుకు చేతిలో ఉన్నోనికి టెక్కు ఉంటుంది. వశీకరణ బొట్టు పెట్టుకున్నోడు అందరూ నా మాటే వినాలంటాడు. తిట్టు అక్కడిది.

కడప:
అట్లయితే ‘వానికి కస్తూరి ఎక్కువైంది’ అని కూడా అనాలి కదా తమ్ముడూ. అదేం చవక సరుకు? ఎవరూ అనరు. నేను పైత్యం పక్కనే ఉంటా.

ధర్మవరం నుంచి:
మా పక్క పిల్లలు జడుసుకుంటే తాయెత్తులో ఎలుగొడ్డు వెంట్రుకలు పెట్టేవారు. కలిగినోళ్లు పులిగోరుకు బంగారం కట్టించేవారు. నక్క కొమ్ము కూడా ఈ జాతిదేనా అన్నా?

కడప:
జాతి ఒకటే గాని అక్కా, నక్కకు కొమ్మెక్కడిది? బొచ్చున్న తోలును ముడిలా చుట్టి నక్క కొమ్మని అమ్ముతారు. అది దగ్గరుంటే కోర్టు వ్యాజ్యం గెలుస్తారని సిలోన్‌లో (ఇప్పటి శ్రీలంక) ఉన్న నమ్మకాన్ని టెన్నెంట్ అనే బ్రిటిష్ అధికారి 1861లోనే రాశాడు. ఉత్తరాది నుంచి వచ్చే హత్థా జోడి ఇంకా ఘోరం. జోడించిన చేతుల్లాంటి అడవి వేరు అంటారు. అట్లా అమ్మేవి ఉడుము మగ అంగాలని 2017లో పరిశోధకులు బయటపెట్టారు. ఉడుము, పులి, ఎలుగొడ్డు, నక్క అన్నీ 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి. ఇంట్లో పాత పులిగోరుంటే దాని ఫొటో మాత్రం ఇక్కడ పెట్టకండి.